పేరునకు ప్రమాణము
(ముదినేపల్లి గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసపాఠము)



తెనాలి పట్టణములో రణరంగ చౌక్ అను కూడలి కలదు. 1942 ఆగస్టు 12వ తేదీన ఆ పట్టణములో జరిగిన పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించిరి. వారికి గుర్తుగా అచట ఏడు స్తూపములు నిలిపిరి. ఆ దారిన పోవువారిని “ఎందరు చనిపోయిరి?” అని అడిగినచో “ఏడుగురు” అని తడుముకొనక చెప్పుదురు. “ఎవరెవరు?” అని మరల అడిగినచో ఒకటి రెండు పేర్ల వద్ద మాట ఆగిపోవుట కద్దు. సంఖ్య నిలిచినది, పేరు జారినది. స్తూపములున్నచోటనే ఇట్లుండగా, ఏ రాయియు నిలువని పల్లెల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇటువంటి రజతోత్సవ సంచికలలో, స్వాతంత్ర్య సమరమున పాల్గొన్న పరిసర గ్రామస్థుల పట్టికను చేర్చుట వాడుక. ఆ పట్టిక ఒక్కరు వ్రాయునది కాదు. ఒకరు తాతగారి పేరు తెత్తురు, ఒకరు మేనమామ పేరు తెత్తురు, వేరొకరు ఏదో పుస్తకములో చూచితిమందురు. పది చేతులు పడుటచే చరిత్రకు బలము కలుగును. ఆ పది చేతులవలననే కల్తీయు కలుగును. తెచ్చినవారి ప్రేమను శంకింపరాదు. కాని ప్రేమతో తెచ్చిన పేరైనను అచ్చుపడిన పిమ్మట ప్రమాణమై కూర్చుండును. ఇరువది యేండ్ల తరువాత మరియొకరు ఈ సంచికనే చూపి “ఇదిగో, అచ్చులో నున్నది” అందురు. కనుక పేరు అచ్చునకు పోకముందే దానిని విచారింపవలెను.

1942 నాటి ఉద్యమమునకు ఈ విచారణ మరింత అవసరము. ఆగస్టు 8వ తేదీ రాత్రి బొంబాయిలో అఖిల భారత కాంగ్రెస్ సంఘము తీర్మానము చేసెను. తెల్లవారకముందే నాయకులను నిర్బంధించిరి. ఆపైన ఉద్యమమునకు ఒక కచేరి లేదు, ఒక దఫ్తరము లేదు. తెనాలిలో 12వ తేదీన, భీమవరములో 17వ తేదీన తుపాకులు పేలినవి. 1930లో ఉప్పు వండిన సత్యాగ్రహికి పేరు చెప్పి పట్టుబడుట వ్రతము. 1942లో పనిచేసినవారిలో పలువురికి పేరు దాచుటయే పని. చేతిలోని కాగితమును కాల్చివేయుటయే ఆనాటి వివేకము. అట్టి కాలమును గురించి కాగితము చూపుమని ఈనాడు అడుగుట ఒకవిధముగ విపరీతము. అడుగకుండుట అంతకన్న విపరీతము. ఈ రెంటి నడుమ దారి ఏది?

ఆ దారిని పూర్వులే చూపిరి. తిక్కన సోమయాజి కాలమువాడైన మూలఘటిక కేతన, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను అనుసరించి, విజ్ఞానేశ్వరీయమను గ్రంథమును తెనుగు చేసెను. వ్యవహారము తీర్చుటకు ఆ స్మృతి చెప్పిన మానుష ప్రమాణములు మూడు: లిఖితము, భుక్తి, సాక్షి. పొలము తగవునకు చెప్పిన ఈ మూడును పేరు తగవునకు కూడ చక్కగ సరిపోవును.

మొదట లిఖితము. లిఖితమనగానే సత్యమని తలచువారు కలరు. వ్రాసినవాడెవడు, ఎవరికొరకు వ్రాసెను అని అడిగిన పిమ్మటనే లిఖితము విలువ తేలును. ఆంధ్ర సర్క్యులరు కథయే దీనికి నిదర్శనము. 1942 జూలై 29వ తేదీతో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘము పక్షమున వెలువడిన ఈ కాగితము, ఆనాటి కార్యదర్శి కళా వెంకటరావుగారి పేరుతో ప్రసిద్ధమైనది. రహస్యముగ పంచిన ఈ కాగితమును లోకమునకు చాటినది కాంగ్రెస్ కాదు, ప్రభుత్వము. 1943 ఫిబ్రవరిలో టాటెన్‌హామ్ అను అధికారి పేరుతో, అల్లర్లకు కాంగ్రెస్సే బాధ్యురాలని నిరూపించుటకు ప్రభుత్వము ఒక పుస్తకమును ప్రకటించి, అందులో ఈ సర్క్యులరును సాక్ష్యముగ చూపెను. అది నేరారోపణ పత్రము. గాంధీమహాత్ముడు 1943 జూలై 15న సుదీర్ఘమైన ప్రత్యుత్తరము వ్రాసి, నిష్పక్షపాతమైన న్యాయస్థానము ముందు ఈ ఆరోపణలను విచారింపుమని కోరెను.

అట్లని ఆ పుస్తకమును పారవేయవలెనా? అక్కరలేదు. తంతి తీగెలు కోయుట మున్నగునవి ఆ సర్క్యులరులో కలవు. రైలు పట్టాలు తొలగింపరాదనియు, ప్రాణహాని జరుగకుండ జాగ్రత్త పడవలెననియు కూడ కలవు. నేరము మోపువాడు తన వాదమునకు అడ్డు వచ్చు మాటను కూడ అచ్చు వేసినచో, ఆ మాటకు బలమెక్కువ. ప్రతిపక్షి కాగితమును చదువు నేర్పు ఇదియే. పోలీసు డైరీలో “గుంపును రెచ్చగొట్టిన దుర్మార్గుడు” అని వ్రాసిన వాక్యమునుండి దుర్మార్గుడను మాటను విడిచి, ఆ మనిషి ఆ దినమున ఆ చోట ఉండెనను సంగతిని గ్రహింపవచ్చును.

లిఖితములో మరియొక చిక్కు కలదు. నకలునకు నకలు. ఒక పేరు మూడు పుస్తకములలో నున్నదని, మూడు సాక్ష్యములున్నవని మురియుదురు. తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులు ఇట్టి మోసమునకు లోబడరు. మూడు ప్రతులలో ఒకే అక్షరము ఒకేచోట జారియున్నచో, ఆ మూటికిని మాతృక ఒక్కటే యని నిశ్చయింతురు. పట్టికలకును ఇదే న్యాయము. తాత వయస్సు మూడు పుస్తకములలోను ఒకే విధముగ తప్పైనచో, అవి మూడు సాక్ష్యములు కావు. ఒక్క సాక్ష్యము మూడుసార్లు అచ్చుపడినది.

ఇక పేర్లు. 1942 నాటి రికార్డు ఇంగ్లీషున నున్నది. ఆ లిపికి టకార తకార భేదము లేదు, డకార దకార భేదము లేదు, హ్రస్వ దీర్ఘముల పట్టింపు లేదు. కోడూరివారు, కోదూరివారు అందులో ఒక్కరే. రమయు రామయు ఒక్కరే. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమునకు కుదించుకొని పోవును. ఒక జైలు పట్టికలో “కె. వెంకటేశ్వర్లు, కృష్ణా జిల్లా” అని యున్నదనుకొందము. ఈ ప్రాంతములో వేంకటేశ్వరుని పేరులేని ఇల్లు అరుదు. కకారముతో మొదలగు ఇంటిపేర్లకు లెక్కలేదు. ముగ్గురు మనుమలు వచ్చి ముగ్గురును “మా తాతగారే” అందురు. ముగ్గురును అబద్ధమాడుట లేదు. ముగ్గురి తాతలును వెంకటేశ్వర్లే, ముగ్గురును ఖద్దరు కట్టినవారే. అప్పుడు జైలు రిజిస్టరు వరకు పోవలెను. దానిలో తండ్రి పేరు, వయస్సు, ఊరు, పుట్టుమచ్చలు వ్రాయుట ఆచారము. రాజమహేంద్రవరము జైలైనను, బళ్లారి వద్ద అలీపురము జైలైనను, ప్రవేశించిన తేదీ, విడుదలైన తేదీ దొరకినచో సగము తగవు తీరినట్లే. ఇద్దరు తాతల పేర్లు ఆ పేజీనుండి తొలగిపోవును. తొలగిపోయినంత మాత్రమున వారు దేశసేవ చేయలేదని కాదు. ఆ జైలుపంక్తి వారిది కాదు, అంతియే.

దత్తత పోయినవాని ఇంటిపేరు మారును. ఇల్లరికము వచ్చినవానికి కాగితములో ఒక ఇంటిపేరు, ఊరివారి నోట మరియొక ఇంటిపేరు. ఆడపడుచు అరెస్టగునాటికి పుట్టింటి పేరు, పెన్షను అర్జీనాటికి అత్తింటి పేరు. కొల్లేటి లంకలలో పడవ నడుపువానిని ఇంటిపేరుతో పిలిచినవారెవరు? తండ్రి పేరో, లంక పేరో, వానికున్న ముద్దుపేరో చాలును. చదువుకొన్నవాని పేరు తప్పుగనైనను కాగితమునకు ఎక్కినది. వాని పేరు తప్పుగనైనను ఎక్కలేదు. పట్టికలు దిద్దువారు మొదట వెదకవలసినది ఇట్టివాని పేరు.

అల్లూరి సీతారామరాజు విషయమే చూడుడు. భీమవరమునకు సమీపమున మోగల్లు ఆయన వంశమువారి గ్రామము. తల్లిదండ్రులు పెట్టిన పేరు శ్రీరామరాజు; లోకము పిలుచునది సీతారామరాజు. చరిత్రకారులలో కొందరు మొదటి పేరునే వాడుదురు. తెలియనివాడు ఇద్దరు వీరులనుకొనును. రెండు పేర్లను ఒకేచోట చూపుట తప్ప మార్గము లేదు. అన్నట్లు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషనులపై వరుసగ దాడి చేసినపుడు, తీసికొన్న ఆయుధముల లెక్కను ఆయనయే వ్రాసి ఇచ్చెనని ప్రసిద్ధి. తిరుగుబాటుదారుడే రశీదు వ్రాసి ఇచ్చిన అదృష్టము 1942 చరిత్రకారునికి లేదు.

ఊరిపేర్ల చిక్కు ఒకటి, జిల్లాల చిక్కు మరియొకటి. ఏలూరును ఎల్లోర్ అనియు, మచిలీపట్టణమును మసూలిపటం అనియు వ్రాసినవాడు చిన్న పల్లెల పేర్లను ఎట్లు వ్రాసియుండునో చెప్పనక్కరలేదు. జిల్లాలు అంతకన్న చపలములు. డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1880లో గుండుగొలనులో జన్మించిరి. ఒక పుస్తకము కృష్ణా జిల్లా అనును, ఒకటి పశ్చిమ గోదావరి అనును. వారు పుట్టునాటికి ఏలూరు తాలూకా గోదావరి జిల్లాలోనిది. 1904లో కృష్ణలో చేరెను. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడగా అందులోనికి పోయెను. 2022 ఏప్రిల్ నుండి గుండుగొలను ఏలూరు జిల్లాలోనిది. ఊరు కదలలేదు, జిల్లా మూడుమారులు మారినది. ముదినేపల్లియు 1942లో కృష్ణా జిల్లాలోనిదే. ఏలూరు జిల్లాలో చేరినది 2022లో. ఏలూరు జిల్లా పేరుతో 1942 పట్టిక వెదకువాడు ఈ ప్రాంతమువారి పేరు కానక, “ఇచ్చట ఎవరును పాల్గొనలేదు” అని తీర్పు చెప్పగలడు.

సాక్షి విషయమునకు కూడ పట్టాభిగారే నిదర్శనము. కాంగ్రెస్ చరిత్రను 1935లో ఒక సంపుటముగను, 1947లో రెండవ సంపుటముగను వ్రాసినవారాయన. అంతటివాని మాటకు ఎదురున్నదా? ఉన్నది. 1942 ఆగస్టు 9 నుండి సుమారు మూడేండ్లు ఆయన నిర్బంధములో నుండిరి. అందు అధికభాగము అహమదునగరము కోటలో. తెనాలిలో తుపాకి పేలినపుడు ఆయన తెనాలిలో లేరు, భీమవరములో లేరు. కోటలోని జీవితమునకు ఆయన ప్రత్యక్షసాక్షి. ఆ మూడేండ్ల ఆంధ్రదేశపు వీధులకు మాత్రము విన్నవారే. విన్నదానిని పెద్దలు వ్రాసినను అది విన్నదే. ఆ దినమున స్టేషను వద్ద నిలుచున్న ఒక కూలి మాట, ఆ ఒక్క సంగతిలో, అంతటి మహనీయుని వాక్యముకన్న బరువైనది. సాక్షిని అడుగవలసిన ప్రశ్న “మీరెంతటివారు?” అని కాదు, “ఆనాడు మీరెక్కడ నిలుచుంటిరి?” అని.

ఇప్పుడు అన్నింటికంటె కఠినమైన ప్రశ్న: ఎచ్చటను కనబడని పేరు సంగతి ఏమి? మీమాంసకులు అనుపలబ్ధి యను ప్రమాణమును చెప్పుదురు. దీపము వెలుగుచున్న గదిలో కుండ కనబడకున్న, కుండ లేదనవచ్చును. చీకటిగదిలో కనబడలేదని లేదనుట తగదు. ఉన్నచో తప్పక కనబడవలసిన చోటనే, కనబడమి లేమికి సాక్ష్యము. 1942 ఆగస్టు నాటి పత్రికలు చీకటిగదులు. ఉద్యమవార్తలపై ప్రభుత్వము ఆంక్షలు విధించెను. అనుమతిపొందిన విలేకరులు పంపినవి తప్ప అచ్చు వేయరాదు. కొన్ని పత్రికలు ఈ షరతులకు లోబడుటకన్న మూసివేయుటయే మేలని మూసివేసినవి. ఆనాటి పత్రికలో లేదు కనుక జరుగలేదనుట చీకటిలో కుండను వెదకుట. జైలు రిజిస్టరు అట్లు కాదు. అది దీపమున్న గది. ఆరు నెలలు ఒకానొక జైలులో నుంటినన్నవాని పేరు, ఆ జైలు ఆ సంవత్సరపు రిజిస్టరు చెదలు పట్టక పూర్తిగ నుండియు, అందులో లేనిచో, ఆ లేమికి అర్థమున్నది. ఏ గది చీకటిదో, ఏ గది వెలుగుదో ముందుగ తెలిసికొనక వెదకుటయే చాల పొరపాట్లకు మూలము.

ఈ తర్కము మనుష్యుల అన్నమునకు సంబంధించినది కూడ. 1972 ఆగస్టు 15 నుండి కేంద్రప్రభుత్వము స్వాతంత్ర్య సమరయోధులకు పెన్షను ఇచ్చు పథకము పెట్టెను. సామాన్యముగ ఆరు నెలల కారాగారవాసము అర్హత. జైలు ధ్రువపత్రము కావలెను, లేనిచో తోడిఖైదీల ధ్రువపత్రము కావలెను. అజ్ఞాతములో నున్నవానికి వారంటో, ప్రకటిత నేరస్థుడను ఉత్తరువో సాక్ష్యము. పోలీసులకు చిక్కినవానికి కాగితము దొరకెను. చిక్కకుండ, తన పేరు వారంటునకు కూడ ఎక్కకుండ, చక్కగ పనిచేసినవానికి ఏ కాగితమును లేదు. పని ఎంత నేర్పుగ చేసెనో ఋజువు అంత తక్కువ. ఇంకొకవైపు, తోడిఖైదీ ధ్రువపత్రము స్నేహధర్మముగ ఇచ్చిన సందర్భములును లేకపోలేదు. ఒక పేరు ఇట్లు తేలికగ చేరిన కొలది, కాగితము లేని నిజమైనవానిపై అనుమానము పెరుగును. అబద్ధపు పేరు చేయు నష్టము ఖజానాకు కాదు, అతనికి.

అట్టివానికి మూడవ ప్రమాణమైన భుక్తి పనికివచ్చును. పొలమునకు భుక్తి అనుభవము. ఇచ్చటను అనుభవమే, మనిషి ఆనాడు అనుభవించిన కష్టము ఎచ్చటనో ఒక మచ్చ విడిచిపోవును. బడి రిజిస్టరులో 1942 ఆగస్టున కొట్టివేసిన పేరు, ఉద్యోగమునుండి తొలగించిన ఉత్తరువు, ఆ నెలలో హఠాత్తుగ వ్రాసిన తాకట్టు దస్తావేజు, ఇంటివారు దాచిన జాబు. 1942లో సామూహిక జుల్మానాల ఆర్డినెన్సు వచ్చినది. ఊరంతటిమీద జుల్మానా వేసి వసూలు చేయు అధికారము ప్రభుత్వమునకు కలిగినది. జుల్మానా రశీదు ఒక ఇంటి పెట్టెలో దొరకినచో దానివలన తేలునదేమి? ఆ ఊరిమీద ప్రభుత్వము ఆగ్రహించెనని తేలును. కట్టినవాడు ఉద్యమకారుడని తేలదు, అమాయకుడును కట్టెను. మినహాయింపు పొందినవారి పేర్లు దొరకినచో మరికొంత తేలును. రశీదునకు దాని శక్తికి మించిన బరువు మోపరాదు.

చాటుపద్యములకు కర్తృత్వము అంటగట్టుట అందరును ఎరిగినదే. కర్త తెలియని శృంగార పద్యమైనచో శ్రీనాథునిది, చమత్కారమైనచో తెనాలి రామకృష్ణునిది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యములను ఏర్చి కూర్చునపుడు ఈ చిక్కు ఎంతటిదో పండితలోకమునకు తెలిసినది. చరిత్రలోను అనాథకార్యములు ఇట్లే పెద్దపేరును వెదకుకొని పోవును. తీగె కోసిన రాత్రి ఎవరిదో తెలియనిచో, తాలూకా నాయకుని ఖాతాలో పడును. నాయకునికి ఒక పద్యము పెరిగిన కీర్తికి భేదము లేదు. చీకటిలో స్తంభమెక్కినవానికి ఉన్నది ఆ ఒక్క పద్యమే.

ప్రభుత్వపక్షమున జరిగిన పనియు ఈ మార్గముననే దిద్దుబాటు పొందుచు వచ్చినది. మామిడిపూడి వెంకటరంగయ్యగారి సంపాదకత్వమున ఆంధ్రదేశ స్వాతంత్ర్యోద్యమ చరిత్ర సంపుటములు 1965 నుండి వెలువడినవి. వాటిలో మూలపత్రములనే విరివిగ అచ్చు వేసిరి. పి. ఎన్. చోప్రాగారి సంపాదకత్వమున భారత అమరవీరుల పరిచయ సంపుటములు మూడు 1969-73 నడుమ వచ్చినవి. 2019లో భారత చరిత్ర పరిశోధన మండలి కూర్చిన అమరవీరుల నిఘంటువు ఐదు సంపుటములతో, 13,000కు పైగా పేర్లతో వెలువడినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ వీరులు ఐదవ సంపుటమున కలరు. ఆ సంపుటములోని 1921 నాటి మలబారు తిరుగుబాటుదారుల పేర్లు 387 తొలగింపవలెనని 2021లో ఒక పరిశీలక సంఘము సిఫారసు చేసినట్లు పత్రికలలో వచ్చినది. అచ్చట తగవు ఆ మనుష్యులు మరణించిరా లేదా అని కాదు, వారిని ఏ పేరుతో పిలువవలెనని. కనుక మొదట జరిగినదానిని వ్రాయవలెను: ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు. బిరుదు వేరే గడిలో నుండవలెను. బిరుదు మారవచ్చును, మరణించిన తేదీ మారరాదు.

రేపు ఒక వృద్ధురాలు వచ్చి, “మా ఆయన ఆ ఆగస్టులో పదునైదు దినములు ఇంటికి రాలేదు, రాత్రులు తాడేపల్లిగూడెమువైపు పోయెననిరి, కాగితమేదియు లేదు” అనినచో ఏమి చేయవలెను? తోసివేయరాదు. సమరయోధుడని పట్టికలోనికి ఎక్కించియు వేయరాదు. ఆమె చెప్పిన మాటను ఆమె మాటగనే, చెప్పిన తేదీతో, విన్నవారి సంతకముతో వ్రాసికొనవలెను. తాళపత్రములలోని పాఠాంతరమును పండితులు కొట్టివేయరు. పుట అడుగున చూపుదురు. ఏబది యేండ్లకు మరియొక ప్రతి దొరకి, అడుగున నున్న పాఠమే సరియైనదని తేలిన సందర్భములు సాహిత్యములో కలవు.

ఈ గ్రంథాలయమున జరుగవలసిన పని స్వల్పము. చెన్నపట్టణము ఎగ్మూరులోని తమిళనాడు రికార్డు భాండాగారమునకు ఉత్తరము వ్రాయుట, హైదరాబాదు తార్నాకలోని రికార్డు కచేరికి మనిషిని పంపుట చందాదారులలో ఇద్దరికి అప్పగింపవచ్చును. మిగిలినది ఈ బల్లమీదనే జరుగవలెను. గీతలు గీసిన ఒక పుస్తకమును ఇచ్చట ఉంచవలెను. పేరు, తండ్రి పేరు, మారుపేరు, 1942 నాటి ఊరు తాలూకా జిల్లా, చెప్పినవారు, చెప్పినవారు ఆనాడెచ్చట నుండిరి, చూపిన కాగితము అసలా నకలా, ఇన్నిటికిని గడులు కావలెను. చివరి గడి వెడల్పుగ నుండవలెను; అది అభ్యంతరములకు. మూడు మాసములు పుస్తకము తెరచియుంచి, పిమ్మటనే పట్టికను ప్రెస్సునకు పంపవలెను. వ్రాయువారు సిరాతో వ్రాయవలెను, క్రింద సంతకము చేయవలెను. వ్రాయలేనివారి మాటను గ్రంథాలయాధికారి వ్రాసి, వారికి బిగ్గరగ చదివి వినిపించిన పిమ్మట వ్రేలిముద్ర తీసికొనవలెను.